గేమింగ్ కంప్యూటర్‌లో ఎఫ్‌పీఎస్ ఎందుకు పడిపోతుంది: ఎండ, దుమ్ము, ఇతర కారణాలు

ఆట చక్కగా నడుస్తూ ఉండగానే తెర మీది కదలిక ఉన్నట్టుండి బరువెక్కడం, గురిపెట్టాల్సిన క్షణంలోనే బొమ్మ ఆగి ఆగి రావడం గేమింగ్ కంప్యూటర్ ఉన్న ప్రతివారికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ఇబ్బంది. అనంతపురం, కర్నూలు, కడప ప్రాంతాలలో మార్చి దాటిందంటే ఇది మరింత ఎక్కువవుతుంది. సిస్టమ్‌ను రిపేరు దుకాణానికి తీసుకెళ్తే ర్యామ్ పెంచుకొమ్మనో, గ్రాఫిక్స్ కార్డు మార్చుకొమ్మనో, విండోస్ మళ్లీ వేయించుకొమ్మనో సలహా వస్తుంది. ఈ మూడింటిలో ఏదో ఒకటి ఒక్కోసారి పనిచేయవచ్చు. అయితే కారణం తేలకుండా వేలకు వేలు పెట్టడం, ముఖ్యంగా ఇంజనీరింగ్ చదువు కోసమని ఇంట్లో ఒప్పించి కొనిపించుకున్న కంప్యూటర్ మీద మళ్లీ అంత ఖర్చు పెట్టించడం సమంజసం కాదని నా అభిప్రాయం. ఎఫ్‌పీఎస్ ఎంత పడిందన్న దానికంటే ఎప్పుడు పడింది, ఏ తీరులో పడింది అన్నదే కారణాన్ని పట్టిస్తుంది. ఆ తీరును చదవడం ఎలాగో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా లెక్క చూద్దాం. కంప్యూటర్ ఒక సెకనులో ఎన్ని చిత్రాలను తయారుచేసి తెరకు అందిస్తుందో ఆ సంఖ్యే ఎఫ్‌పీఎస్. ఒక్కో చిత్రాన్ని ఫ్రేమ్ అంటారు. సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఒక్కో ఫ్రేమ్ సుమారు 16.7 మిల్లీసెకన్లలో పూర్తి కావాలి. సెకనుకు 144 సార్లు బొమ్మను మార్చగల 144 హెర్ట్జ్ మానిటర్‌ను పూర్తిగా వాడుకోవాలంటే ఆ గడువు 6.9 మిల్లీసెకన్లకు తగ్గిపోతుంది. ఇప్పుడు ఒక సెకనును ఊహించండి. అందులో 55 ఫ్రేములు ఒక్కొక్కటి 15 మిల్లీసెకన్లలో వచ్చాయి, మిగిలిన ఒక్క ఫ్రేమ్‌కు 175 మిల్లీసెకన్లు పట్టింది. తెర మూలలో కనిపించే ఎఫ్‌పీఎస్ అంకె 56 అని చూపిస్తుంది, అది చూసి ఎవరూ తప్పుపట్టరు. కంటికి మాత్రం సెకనులో ఆరో వంతు కంటే ఎక్కువ సేపు బొమ్మ గడ్డకట్టినట్టు కనిపించింది. అనంతపురం వేరుశనగ రైతుకు సగటు వర్షపాతం ఎంత మోసకరమైన లెక్కో తెలుసు: సీజన్ మొత్తం మీద సగటు సరిపోయినట్టే ఉంటుంది, ఊడలు దిగే దశలో మూడు వారాలు చినుకు పడకపోతే పంట చేతికి రాదు. సగటు ఎఫ్‌పీఎస్ కూడా సరిగ్గా అలాంటి లెక్కే.

ఈ విషయాన్ని 2011లో స్కాట్ వాసన్ అనే సమీక్షకుడు టెక్ రిపోర్ట్ అనే సైట్‌లో గట్టిగా ముందుకు తెచ్చారు. గ్రాఫిక్స్ కార్డులను సగటు ఎఫ్‌పీఎస్‌తో కాకుండా ఒక్కో ఫ్రేమ్‌కు పట్టిన కాలంతో కొలవాలని ఆయన చూపించిన తరువాత సమీక్షల పద్ధతే మారిపోయింది. నేడు సమీక్షలలో కనిపించే '1 శాతం లో' అనే అంకె ఆ ఆలోచన నుంచి వచ్చిందే. మొత్తం ఫ్రేములలో అతి నెమ్మదిగా వచ్చిన ఒక శాతం ఎంత వేగంతో వచ్చాయో అది చెబుతుంది. సగటు 90 ఉండి ఈ అంకె 70 ఉంటే ఆట సాఫీగా ఉంటుంది. సగటు 90 ఉండి ఇది 20కి పడిపోతే ఆట తడబడుతుంది. ఈ రెండు కంప్యూటర్ల రోగాలు ఒకటి కావు, మందులూ ఒకటి కావు.

ఈ అంకెలు చూడటానికి ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్, దానితోపాటు వచ్చే రివాట్యూనర్ అనే ప్రోగ్రాములు చాలు. రెండూ ఉచితం, ఏ కంపెనీ కార్డు మీదైనా పనిచేస్తాయి. వాటిలో ఫ్రేమ్ టైమ్ గ్రాఫ్, ప్రాసెసర్ ఉష్ణోగ్రత, గ్రాఫిక్స్ కార్డు ఉష్ణోగ్రత, రెండింటి క్లాక్ వేగం (చిప్ పనిచేసే వేగం), గ్రాఫిక్స్ కార్డు వినియోగ శాతం, వీడియో మెమరీ (కార్డుకు సొంతంగా ఉండే మెమరీ) వినియోగం తెర మీద కనిపించేలా పెట్టుకోవాలి. ఇంకా లోతుగా చూడాలంటే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రామ్ ఉంది.

ల్యాగ్ అనే ఒక్క మాటలో కలిసిపోయిన మూడు సమస్యలు

మన దగ్గర అన్నింటినీ కలిపి 'ల్యాగ్ వస్తోంది' అనేస్తాం. అందులో మూడు వేర్వేరు సంగతులున్నాయి. మొదటిది, ఎఫ్‌పీఎస్ మొత్తంగా తక్కువగా ఉండటం. రెండవది, ఎఫ్‌పీఎస్ బాగానే ఉన్నా మధ్య మధ్య కుదుపులు రావడం, అంటే స్టట్టర్. మూడవది ఇంటర్‌నెట్‌కు సంబంధించినది: కెమెరాను తిప్పితే దృశ్యం సాఫీగానే తిరుగుతుంది, ఎదుటి ఆటగాడు మాత్రం ఒక చోట మాయమై మరో చోట ప్రత్యక్షమవుతాడు, పేల్చిన తూటా ఆలస్యంగా తగులుతుంది. ఈ మూడవదానికి గ్రాఫిక్స్ కార్డుతో ఏ సంబంధమూ లేదు. ఫైబర్ కనెక్షన్ మార్చినంత మాత్రాన మొదటి రెండూ పోవు, కొత్త కార్డు పెట్టినంత మాత్రాన మూడవది పోదు. ఇంటర్‌నెట్ అవసరం లేని ఆటనో, అదే ఆటలోని ప్రాక్టీస్ మోడ్‌నో కాసేపు ఆడిచూస్తే ఈ తేడా వెంటనే తెలిసిపోతుంది.

కాసేపటి తరువాత పడితే: వేడి

ఆట మొదలుపెట్టిన తొలి పది నిమిషాలు అంతా బాగుండి, ఆ తరువాత ఎఫ్‌పీఎస్ పడిపోయి, ఆట ఆపి కాసేపు వదిలేస్తే మళ్లీ మామూలుగా నడుస్తుంటే అనుమానించాల్సింది వేడినే. రాయలసీమలో ఈ కారణానికే నేను ఎక్కువ చోటు ఇస్తాను, ఎందుకంటే ఇతర ప్రాంతాలవారు రాసే సలహాలలో గది ఉష్ణోగ్రత పాతికకు అటూ ఇటూ ఉంటుందన్న ఊహ దాగి ఉంటుంది. మే నెల కర్నూలుకు ఆ ఊహ వర్తించదు.

ప్రాసెసర్‌కు, గ్రాఫిక్స్ కార్డుకు తట్టుకోగల ఉష్ణోగ్రతకు ఒక హద్దు ఉంటుంది. చాలా ఇంటెల్ ప్రాసెసర్లకు అది 100 డిగ్రీల సెల్సియస్. 2022లో వచ్చిన ఏఎండీ కంపెనీ రైజెన్ 7000 వరుసలోని చాలా డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు 95. ఆర్‌టీఎక్స్ 3060 కార్డుకు ఎన్‌విడియా పేర్కొన్న గరిష్ఠ ఉష్ణోగ్రత 93. హద్దు దగ్గరపడగానే చిప్ తనను తాను కాపాడుకోవడానికి వేగాన్ని తగ్గించుకుంటుంది. దీన్నే థర్మల్ థ్రాట్లింగ్ అంటారు. ఇది చెడిపోవడం కాదు, చెడిపోకుండా ఉండటానికి పెట్టిన ఏర్పాటు. కానీ ఆడుతున్నవారికి అది ఎఫ్‌పీఎస్ పతనంగానే కనిపిస్తుంది.

ఫ్యాన్, హీట్‌సింక్ (చిప్ మీద ఉండే లోహపు రేకుల దిమ్మె) చేసే పని చిప్ వేడిని గది గాలిలోకి నెట్టడం ఒక్కటే. అందువల్ల గాలితో చల్లబరిచే ఏ కూలరూ చిప్‌ను గది ఉష్ణోగ్రత కంటే కిందికి దించలేదు. గది ఎన్ని డిగ్రీలు వేడెక్కితే చిప్ కూడా దాదాపు అన్ని డిగ్రీలు పైకి జరుగుతుంది. 27 డిగ్రీల గదిలో 80 దగ్గర నిలకడగా ఉన్న ప్రాసెసర్, అదే ఆటలో, అదే పనిలో, 42 డిగ్రీల గదిలో 95కి చేరుతుంది. జనవరిలో హాయిగా నడిచిన సిస్టమ్ ఏప్రిల్‌లో ఏ భాగమూ చెడకుండానే మొరాయించడానికి ఈ పదిహేను డిగ్రీలే చాలు. లిక్విడ్ కూలర్ బిగించినా ఈ లెక్క మారదు, దాని రేడియేటర్ కూడా గది గాలితోనే చల్లబడుతుంది.

మిద్దె మీది గదిలో కంప్యూటర్ పెట్టుకున్నవారికి మరో సంగతి. పగలంతా ఎండకు కాగిన స్లాబు సూర్యాస్తమయం కాగానే చల్లబడదు. రాత్రి తొమ్మిదింటికి బయట గాలి చల్లగా తగులుతున్నా గది లోపల సెగ అలాగే ఉంటుంది. 'ఎండ పోయాకే ఆడుతున్నాను గదా' అనుకునేవారు గది ఉష్ణోగ్రతను ఒకసారి థర్మామీటరుతో చూసుకోవడం మంచిది. పైగా ఆట ఆడేటప్పుడు 400 వాట్లు లాగే సిస్టమ్ ఆ 400 వాట్లనూ చివరికి వేడిగా గదిలోకే వదులుతుంది. తలుపులూ కిటికీలూ మూసిన చిన్న గదిలో గంట సేపు ఆడితే గది తానే వేడెక్కి, ఆ వేడి గాలినే క్యాబినెట్ మళ్లీ లోపలికి లాక్కుంటుంది.

మన గాలి పొడిది కాబట్టి నీళ్ల కూలర్ ఇక్కడ కోస్తాలో కంటే బాగా పనిచేస్తుంది, గదిని నిజంగానే కొన్ని డిగ్రీలు దించుతుంది. అయితే కిటికీ తెరిచి, తేమ గాలి బయటకు పోయే దారి ఉంచాలి. కూలర్‌ను నేరుగా క్యాబినెట్ వైపు తిప్పకూడదు, దాని గాలితో వచ్చే నీటి తుంపర బోర్డు మీద పడితే వేడి కంటే పెద్ద నష్టం జరుగుతుంది.

వేడికి తోడుగా దుమ్ము. తక్కువ వర్షం, పొడి గాలి, పొలాల నుంచి లేచే ఎర్రమట్టి, తాడిపత్రి, బేతంచెర్ల వైపు నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ల నుంచి వచ్చే తెల్లటి పొడి, ఇవన్నీ క్యాబినెట్‌లోకి చేరతాయి. ఈ దుమ్ము ఎక్కడ కూర్చుంటుందో తెలుసుకోవడం ముఖ్యం. మూత తీసి చూసేవారు ఫ్యాన్ రెక్కలను గుడ్డతో తుడిచి, శుభ్రమైపోయిందనుకుంటారు. అసలు అడ్డంకి ఫ్యాన్‌కు వెనుక, హీట్‌సింక్ రేకులు మొదలయ్యే చోట ఉంటుంది. ల్యాప్‌టాప్‌లలో అయితే ఫ్యాన్ తీస్తే తప్ప అది కంటపడదు.

అనంతపురంలో ఒక ఇంజనీరింగ్ విద్యార్థి ల్యాప్‌టాప్ ఇందుకు మంచి ఉదాహరణ. ఎఫ్‌పీఎస్ పడుతోందని ఆ అబ్బాయి అప్పటికే ఎస్ఎస్‌డీ మార్పించాడు, ర్యామ్‌ను రెట్టింపు చేయించాడు. ఆట మొదలైనప్పుడు తెర మీది అంకెలు బాగానే ఉన్నాయి: గ్రాఫిక్స్ చిప్ 75 వాట్లు వాడుకుంటోంది, ఎఫ్‌పీఎస్ 90 దగ్గర నిలిచింది. ప్రాసెసర్ మాత్రం అప్పటికే 96 డిగ్రీలలో ఉంది. పావుగంట గడిచేసరికి గ్రాఫిక్స్ చిప్‌కు అందే విద్యుత్తు 40 వాట్లకు తగ్గింది, ఎఫ్‌పీఎస్ 50కి దిగింది. మార్చిన ఎస్ఎస్‌డీకి గానీ పెంచిన ర్యామ్‌కు గానీ ఈ పతనంతో సంబంధం లేదని ఆ రెండు అంకెలే చెప్పేశాయి. కింది మూత విప్పి, ఫ్యాన్ స్క్రూలు తీస్తే, రాగి రేకుల మొగం మీద బూడిద రంగు దుమ్ము ఒత్తుగా, మందపాటి గుడ్డముక్కలా పరుచుకుని ఉంది. చిమటాతో పట్టుకుంటే చిరగకుండా ఒకే తునకగా వచ్చింది. దాన్ని తీసి, చిప్ నుంచి హీట్‌సింక్‌కు వేడిని చేరవేసే థర్మల్ పేస్ట్ ఎండి పొడిబారితే దాన్నీ మార్చాక ప్రాసెసర్ 84 దగ్గర నిలబడింది, గ్రాఫిక్స్ చిప్ గంటసేపు ఆడినా 70 వాట్లకు తగ్గలేదు.

శుభ్రం చేసేటప్పుడు కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. సిస్టమ్‌ను ఆపి, ప్లగ్ పీకేసి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కిపట్టి మిగిలిన ఛార్జిని పోనివ్వాలి. పని ఆరుబయట చేసుకోవాలి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి ఉంచాలి, లేకపోతే అది మోటారు కంటే ఎక్కువ వేగంతో తిరిగి బేరింగ్ దెబ్బతింటుంది. గాలి మామూలుగా వచ్చే దిక్కుకు ఎదురుగా కొడితే చిక్కుకున్న దుమ్ము బయటకు వస్తుంది, అదే దిక్కులో కొడితే ఇంకా లోపలికి కూరుకుపోతుంది. ఇంట్లో వాడే వ్యాక్యూమ్ క్లీనర్ గొట్టాన్ని బోర్డుకు తగిలించవద్దు, దాని వల్ల పుట్టే స్థిర విద్యుత్తు చిప్‌లకు ప్రమాదం. ఫిల్టర్లను కడిగితే పూర్తిగా ఆరాకే పెట్టాలి.

క్యాబినెట్‌లో గాలి సరిగా ఆడుతోందో లేదో తెలుసుకునే సులువైన పరీక్ష ఒకటుంది. పక్క మూత తీసి అదే ఆటను అంతే సేపు ఆడండి. ఉష్ణోగ్రత చెప్పుకోదగినంతగా, ఏడెనిమిది డిగ్రీల దాకా తగ్గితే, లోపం కూలర్‌లో కాదు, క్యాబినెట్ గాలి దారిలో ఉంది. ముందువైపు నిండు గాజు పలక ఉన్న క్యాబినెట్లు చూడటానికి అందంగా ఉంటాయి గానీ మన వాతావరణానికి జాలీ ముఖం ఉన్నవే మేలు. మూత తీసేసి శాశ్వతంగా అలాగే నడపడం మాత్రం దుమ్మును ఆహ్వానించడమే.

ఖర్చు లేకుండా వేడిని తగ్గించే మార్గం ఎఫ్‌పీఎస్‌కు పరిమితి పెట్టుకోవడం. 75 హెర్ట్జ్ మానిటర్ మీద 140 ఫ్రేములు తయారుచేస్తే అదనంగా మిగిలేది వేడి మాత్రమే. రివాట్యూనర్‌లోనో, ఆట సెట్టింగులలోనో పరిమితి పెడితే చిప్ మీద భారం తగ్గి, ఎక్కువ సేపు ఒకే వేగంతో నడుస్తుంది. మొదటి పది నిమిషాలు 110 వచ్చి తరువాత 55కి పడే ఆట కంటే, రాత్రంతా కదలకుండా 72 వచ్చే ఆట ఎంతో హాయి.

చవక మదర్‌బోర్డులున్న డెస్క్‌టాప్‌లలో ఇంకో రకమైన వేడి ఉంటుంది. ప్రాసెసర్‌కు విద్యుత్తును అందించే వీఆర్ఎమ్ అనే భాగం మీద హీట్‌సింక్ లేకపోతే, ప్రాసెసర్ 75 డిగ్రీలలోనే ఉన్నా దాని వేగం ఉన్నట్టుండి సగానికి సగం తగ్గి మళ్లీ పెరుగుతుంటుంది. ఉష్ణోగ్రత బాగుంది కాబట్టి వేడి కాదులే అని తోసిపుచ్చడానికి ముందు క్లాక్ వేగం గ్రాఫ్ కూడా చూడాలి.

మొదటి నుంచీ తక్కువగా ఉంటే: ఎవరి దగ్గర ఆగుతోంది

ఒక ఫ్రేమ్ తయారీలో ముందు ప్రాసెసర్ పని ఉంటుంది: పాత్రలు ఎక్కడున్నాయి, తూటా ఎటు పోయింది, ఏ వస్తువులను గీయాలి అన్నది అది తేల్చి గ్రాఫిక్స్ కార్డుకు ఆదేశాలు పంపుతుంది. కార్డు వాటిని బొమ్మగా మారుస్తుంది. ఇద్దరిలో ఎవరు నెమ్మదిగా ఉంటే ఆట ఆ వేగంతోనే నడుస్తుంది. గ్రాఫిక్స్ కార్డు వినియోగం 95 శాతం పైన ఉంటే ఆట కార్డు దగ్గర ఆగుతోందని అర్థం. అది 60, 70 శాతం దగ్గర తచ్చాడుతూ, ఏ పరిమితీ పెట్టకపోయినా ఎఫ్‌పీఎస్ పెరగకపోతే ప్రాసెసర్ దగ్గర ఆగుతోంది.

ఇక్కడ టాస్క్ మేనేజర్ చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. ప్రాసెసర్ వినియోగం 30 శాతమే ఉందని చూసి అది ఖాళీగా ఉందనుకుంటారు. ప్రాసెసర్‌లో విడివిడిగా పనిచేసే భాగాలైన ఎనిమిది కోర్లలో ఒకే కోరు పూర్తిగా నిండిపోయి, మిగతావి విశ్రాంతిగా ఉన్నా మొత్తం శాతం తక్కువగానే కనిపిస్తుంది. ఆటలోని ప్రధాన పని చాలాసార్లు ఆ ఒక్క కోరు మీదే నడుస్తుంది. ఇది తేల్చుకోవడానికి రిజల్యూషన్ (బొమ్మలోని చుక్కల సంఖ్య) పరీక్ష ఉంది: 1080పీ నుంచి 720పీకి దించి అదే చోట ఆడండి. ఎఫ్‌పీఎస్ బాగా పెరిగితే కార్డే అడ్డు, ఏమీ పెరగకపోతే ప్రాసెసరో ర్యామో అడ్డు. రెండవ సందర్భంలో కొత్త గ్రాఫిక్స్ కార్డు కొంటే ఆ డబ్బు వృథా.

ర్యామ్ విషయంలో ఎన్ని జీబీలు ఉన్నాయన్నదే అందరూ అడుగుతారు. ఎన్ని స్టిక్కులు, ఏ స్లాట్లలో, ఎంత వేగంతో ఉన్నాయన్నది కూడా అంతే ముఖ్యం. డీడీఆర్4-3200 ర్యామ్ ఒకే స్టిక్కుగా ఉంటే సెకనుకు 25.6 జీబీ డేటా అందిస్తుంది, రెండు స్టిక్కులు సరైన స్లాట్లలో ఉంటే 51.2 జీబీ. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకుండా, రైజెన్ 5 5600జీ వంటి ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తోనే ఆడేవారికి ఈ తేడా ఎఫ్‌పీఎస్‌లో నేరుగా కనిపిస్తుంది, ఎందుకంటే దానికి వేరే మెమరీ లేదు. నాలుగు స్లాట్ల బోర్డులలో సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి లెక్కిస్తే రెండవది, నాలుగవది వాడాలి. అలాగే 3200 వేగమని కొన్న ర్యామ్ బయోస్‌లో (విండోస్‌కు ముందు తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగులలో) ర్యామ్‌ను పూర్తి వేగంతో నడిపే ఎక్స్ఎంపీని ఆన్ చేయకపోతే 2133 లేదా 2400 లేదా 2666 దగ్గరే నడుస్తుండవచ్చు. టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరిస్తే ఈ వివరాలు కనిపిస్తాయి.

కొత్తగా అసెంబుల్ చేయించుకున్న సిస్టమ్‌లో ఎఫ్‌పీఎస్ మరీ దారుణంగా ఉంటే మానిటర్ కేబుల్ ఎక్కడ గుచ్చారో చూడండి. అది గ్రాఫిక్స్ కార్డుకు బదులు మదర్‌బోర్డు పోర్టుకు పెట్టి ఉండటం అరుదేమీ కాదు. ల్యాప్‌టాప్‌లలో ఆట బలహీనమైన ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ మీద నడుస్తుండవచ్చు, విండోస్ గ్రాఫిక్స్ సెట్టింగులలో ఆ ఆటకు హై పర్ఫార్మెన్స్ ఎంచుకుంటే సరిపోతుంది. ల్యాప్‌టాప్ కొనేటప్పుడు కార్డు పేరొక్కటే చూడటం కూడా పొరపాటే. ఆర్‌టీఎక్స్ 4050 ల్యాప్‌టాప్ చిప్ 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎంతకైనా అమర్చి ఉండవచ్చు. పేరు ఒకటే అయినా స్నేహితుడి ల్యాప్‌టాప్‌తో సమానంగా రాకపోవడానికి అదే కారణం.

ఎఫ్‌పీఎస్ 60 నుంచి సరిగ్గా 30కి పడి, మళ్లీ 60కి ఎగురుతుంటే ఫ్రేములను మానిటర్ వేగంతో జతకలిపే వీసింక్ అనే సెట్టింగును అనుమానించాలి. 60 హెర్ట్జ్ మానిటర్ మీద పాత పద్ధతి వీసింక్ ఆన్‌లో ఉన్నప్పుడు, ఒక ఫ్రేమ్ 16.7 మిల్లీసెకన్ల గడువును కొద్దిగా దాటినా తరువాతి గడువు దాకా, అంటే 33.3 మిల్లీసెకన్ల దాకా ఆగాలి. ఫ్రీసింక్ లేదా జీసింక్ ఉన్న మానిటర్ అయితే తెరే ఫ్రేమ్ కోసం ఆగుతుంది కాబట్టి ఈ ఎగుడుదిగుడు ఉండదు.

కుదుపులు మాత్రమే వస్తుంటే

సగటు బాగుండి కుదుపులు వచ్చినప్పుడు అవి ఎక్కడ వస్తున్నాయో గమనించాలి. కొత్త ప్రదేశంలోకి వెళ్లినప్పుడు, కొత్త ఆయుధం మొదటిసారి పేల్చినప్పుడు కుదుపు వచ్చి, అదే పని రెండవసారి చేస్తే రాకపోతే అది షేడర్ కంపైలేషన్. షేడర్ అంటే వెలుగు, నీడ, పొగ వంటివి ఎలా గీయాలో కార్డుకు చెప్పే చిన్న ప్రోగ్రామ్. ప్రతి కార్డుకు, ప్రతి డ్రైవర్‌కు అనుగుణంగా దాన్ని అప్పటికప్పుడు తయారుచేసుకోవాలి, ఆ తరువాత నిల్వ ఉంచుకోవచ్చు. డ్రైవర్ అప్‌డేట్ చేశాక పాత కుదుపులు మళ్లీ రావడానికి ఆ నిల్వ పోవడమే కారణం. ఆట తెరవగానే షేడర్లు సిద్ధమవుతున్నాయని చూపిస్తే దాన్ని దాటవేయకుండా పూర్తికానివ్వాలి. ఈ కుదుపులకు మీ కంప్యూటర్ బాధ్యత తక్కువ, ఆట తయారుచేసినవారి బాధ్యత ఎక్కువ.

వేగంగా బండి నడుపుతున్నప్పుడు, పటంలో ఒక చివర నుంచి మరో చివరకు పోతున్నప్పుడు ప్రతిసారీ కుదుపు వస్తుంటే ఆట హార్డ్ డిస్క్ మీద ఉందేమో చూడాలి. ఎస్ఎస్‌డీకి మారిస్తే ఇది చాలావరకు పోతుంది. ఎస్ఎస్‌డీ మీదే ఉండి కూడా వస్తుంటే వీడియో మెమరీ నిండిపోతుండవచ్చు. 2019లో వచ్చిన జీటీఎక్స్ 1650 కార్డును తీసుకుంటే, దాని 4 జీబీ మెమరీ సెకనుకు 128 జీబీ వేగంతో డేటా అందిస్తుంది. అది నిండితే మిగిలింది సిస్టమ్ ర్యామ్‌లో పెట్టుకుని పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారిలో తెచ్చుకోవాలి, ఆ దారి వేగం సెకనుకు 16 జీబీ లోపే. ఎనిమిదింతల తేడా తెర మీద కుదుపుగా కనిపిస్తుంది. టెక్స్చర్ (వస్తువుల ఉపరితలాల మీది చిత్రాలు) సెట్టింగును ఒక మెట్టు దించితే చాలు, మిగతా సెట్టింగులు ముట్టుకోనక్కరలేదు.

ఇక సాఫ్ట్‌వేర్ వల్ల వచ్చేవి. వెనుక నడిచే స్క్రీన్ రికార్డింగ్, యాంటీవైరస్ స్కాన్, నిండా ట్యాబులు తెరిచిన బ్రౌజర్ ఇవన్నీ తెలిసినవే. వీటికంటే తీవ్రమైనది ఒకటుంది: క్రాక్ చేసిన ఆటలతోపాటు రహస్యంగా వచ్చే క్రిప్టో మైనింగ్ ప్రోగ్రాములు. ఏ ఆటా తెరవకుండా ఖాళీగా ఉంచిన సిస్టమ్‌లో గ్రాఫిక్స్ కార్డు వినియోగం నిలకడగా ఎక్కువగా ఉండి, ఫ్యాన్లు మోగుతుంటే ఆ దిశగా వెతకాలి. 'గేమ్ బూస్టర్' పేరుతో దొరికే ప్రోగ్రాముల మీద నాకు నమ్మకం లేదు. అవి చేసే పనులన్నీ విండోస్‌లోనే ఉన్నాయి, పైగా అవే వెనుక నడిచే మరో భారం. విండోస్ 11లో మెమరీ ఇంటిగ్రిటీ అనే భద్రతా ఏర్పాటును ఆపితే కొన్ని ఆటలలో వేగం పెరగవచ్చని మైక్రోసాఫ్టే చెప్పింది, ఆపితే రక్షణ తగ్గుతుందని కూడా చెప్పింది. బ్యాంకు పనులు చేసుకునే కంప్యూటర్‌లో దాన్ని ఆపకపోవడమే మంచిది.

కరెంటు మీద వేసే నింద

లో వోల్టేజీ వల్ల ఎఫ్‌పీఎస్ పడుతోందని మన వైపు తరచుగా అంటారు. డెస్క్‌టాప్ విషయంలో ఇది దాదాపు ఎప్పుడూ నిజం కాదు. ఇంటి కరెంటును కంప్యూటర్‌కు కావలసిన వోల్టేజీకి మార్చే ఎస్ఎంపీఎస్‌లలో, యాక్టివ్ పీఎఫ్‌సీ అనే సర్క్యూట్ ఉన్నవాటిలో చాలావరకు 100 నుంచి 240 వోల్టుల మధ్య ఎంత వచ్చినా లోపల అదే 12 వోల్టులు అందిస్తాయి. అవి అందించగలిగినంత కాలం ఆట పూర్తి వేగంతో నడుస్తుంది, అందించలేనప్పుడు సిస్టమ్ ఆగిపోతుంది లేదా రీస్టార్ట్ అవుతుంది. మధ్యస్థంగా నెమ్మదించడం అనేది ఉండదు. కరెంటు పోగానే యూపీఎస్ ఉన్నా సిస్టమ్ ఆగిపోతుంటే అది వేరే లెక్క: సాధారణంగా 600 వీఏ యూపీఎస్ ఇవ్వగలిగేది 360 వాట్లే, ఆట మధ్యలో 400 వాట్లు లాగే సిస్టమ్‌ను అది మోయలేదు.

ల్యాప్‌టాప్‌లో మాత్రం విద్యుత్తుకు, ఎఫ్‌పీఎస్‌కు నేరుగా సంబంధం ఉంది. బ్యాటరీ మీద నడిచేటప్పుడు ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్ రెండూ చాలా తక్కువ వాట్లకు పరిమితమవుతాయి. కంపెనీ ఇచ్చిన 180 వాట్ల అడాప్టర్‌కు బదులు 65 వాట్ల టైప్-సీ ఛార్జర్ పెట్టి ఆడినా అదే జరుగుతుంది. అడాప్టర్ పిన్ను వదులై మధ్య మధ్య ఛార్జింగ్ తెగుతున్నప్పుడు ఎఫ్‌పీఎస్ ఒక్కసారిగా పడి, వైరు కదిలించగానే లేస్తుంది. ఇది చూసి మదర్‌బోర్డు పోయిందని భయపడేవారున్నారు.

ఏ మార్పు చేసినా ఒకసారికి ఒక్కటే చేసి, ఆటలో అదే చోట, అంతే సేపు, వీలైతే రోజులో అదే వేళకు మళ్లీ కొలవాలి. డ్రైవర్ మార్చి, దుమ్ము దులిపి, సెట్టింగులు దించి, ర్యామ్ స్లాట్లు మార్చి ఒకేసారి పరీక్షిస్తే ఏది పనిచేసిందో తెలియదు. సమస్య మళ్లీ వచ్చినప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలియదు. తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం మూడు నాలుగు గంటల మధ్య ఒకసారి అర్ధగంట చొప్పున ఆడి అంకెలు రాసుకుంటే ఇంకా మంచిది. రెండు పూటలా ఎఫ్‌పీఎస్ ఒకటేగా ఉండి, గ్రాఫిక్స్ కార్డు వినియోగం 98 శాతం దగ్గరే నిలిచి, ఉష్ణోగ్రతలు హద్దుకు చాలా దిగువనే ఉండి, సెట్టింగులు దించినా మీకు కావలసిన వేగం రాకపోతే అప్పుడు కార్డు మార్చుకోవాల్సిన సమయం నిజంగానే వచ్చింది. మధ్యాహ్నం అంకె మాత్రమే తగ్గితే కార్డు కోసం దాచిన డబ్బును ముట్టుకోకుండా, ఒక థర్మల్ పేస్ట్ ట్యూబు, జాలీ ముఖం ఉన్న క్యాబినెట్, రెండు మంచి ఫ్యాన్లు కొనండి.